హన్నమ్మ అటక మీద మోహన్ కాయలు

హన్నమ్మని నేను మొదట నమ్మలేదు. ఆవిడా నన్ను నమ్మలేదు. ఆ విషయంలో ఇద్దరం సమానమే.

నేను రాజోలులో ప్లీడర్ని. పేరు నిర్మల. ఖర్చు పెట్టుకోలేని ఆడవాళ్ళకి న్యాయసేవా కమిటీ ఉచితంగా వకీలునిస్తుంది. అలా హన్నమ్మ నా దగ్గరకొచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచి ఒళ్ళో బిగించి పట్టుకుని, "మీరు ఊరికే చేస్తారంటండి. ఎందుకు చేస్తారండీ?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "వేరే పనిలేక" అన్నాను.

హన్నమ్మ కువైట్లో చాలాకాలం ఇంటిపని చేసింది. వెళ్ళిన రోజే ఆ ఇంటావిడ పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టేసిందట. పడక వంటగదిలో. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఏం లాక్కుంటారోనని చూడటం అక్కడ అలవాటైంది. తిరిగొచ్చాక మలికిపురంలో బాబూరావుగారి వరస పోర్షన్లలో ఒకటి అద్దెకి తీసుకుంది. ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టుకుంటూ ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. లోపల్నుంచి గడియ పెట్టుకునే తలుపు ఆవిడకి జీవితంలో అదొక్కటే.

బాబూరావుగారు పోయారు. కొడుకు మోహన్ ఆ చోట షాపులు కడతానని ఖాళీ చెయ్యమన్నాడు. ఈవిడ కాదంది. అప్పుడొచ్చింది లాయరు నోటీసు. హన్నమ్మ అసలు అద్దెకున్న మనిషే కాదట! అటక మీది కొబ్బరికాయలకి కాపలా మనిషట!

దీని వెనక పెద్ద తెలివే ఉంది. అద్దెకున్న మనిషిని కదపాలంటే యజమాని కోర్టుకి రావాలి. కాపలా మనిషికి ఆ ఇంటి మీద హక్కేమీ ఉండదు, చాలన్న రోజున సామాను సర్దుకోవాలి.

"అటక మీద వాళ్ళ కాయలున్నాయా?" అన్నాను.

"ఆయ్, ఉన్నాయండి. కురిడీకి."

కురిడీ అంటే కాయని ఒలవకుండా ఏడాది పైగా అటక మీద వదిలేయడం. లోపలి నీళ్ళింకి, కొబ్బరి ఎండి గుండులా అవుతుంది. బాబూరావుగారి ఇంట్లో చోటు చాలక అద్దె పోర్షన్ల అటకల మీదా పోయించేవారు. చెట్లెక్కించి దింపు తీయించినప్పుడల్లా అన్ని పోర్షన్లకీ నాలుగేసి కాయలు పంపేవారు. ఆ కాయలే జీతమని నోటీసులో రాశారు.

"అద్దె రసీదులేవీ?"

"అన్నయ్యగారూ అని పిలిచే మనిషిని రసీదు అడుగుతామాండీ?"

"ఈ కాయల సంగతి మొదటిరోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు వాళ్ళ తాలూకు కాదని నాకెలా తెలుస్తాదండీ?"

ఇక నాకూ అనుమానం పట్టుకుంది. నిజంగానే కాపలా మనిషేమో, నా చేత అబద్ధమాడిస్తోందేమో! స్వయంగా మలికిపురం వెళ్ళాను. పక్క పోర్షన్లో శ్యామ్ బాబు మాస్టారు అద్దెకున్నారు, గవర్నమెంటు బడిలో పని. తలుపు సగమే తీసి, "నాకేం తెలీదండి, కోర్టు గొడవలు మనకొద్దండి" అన్నారు.

"మీ అటక మీద కాయల్లేవా?"

ఆయన కళ్ళు పైన అటక వైపు వెళ్ళాయి.

"ఇవాళ ఆవిడ కాపలా మనిషైతే రేపు మీరూ అంతే మాస్టారూ" అన్నాను. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

దావా వేశాం. విచారణకి ముందు మోహన్ రాజీకొచ్చాడు. అబ్బో, ఎంత మర్యాద! "హన్నమ్మ మాకు పరాయిదా అండీ? ఉన్నన్నాళ్ళూ ఉండమనండి. అద్దె కూడా వద్దు. కాపలాకుంటున్నానని ఓ సంతకం పెడితే చాలు."

ఆ సంతకం పడితే నెల తిరక్కుండా ఈవిడ రోడ్డు మీదుంటుందని నాకు తెలుసు. నేను నోరు విప్పేలోపే హన్నమ్మ లేచింది. "ఒకళ్ళింట్లో పడుకున్న బతుకు కువైట్లో అయిపోయిందండి. ఇక్కడ అద్దె కట్టుకుని ఉన్నాను. నేను పెట్టను" అంది. అప్పుడు నమ్మాను నేనావిడని.

సాక్ష్యం రోజు కోర్టు వరండాలో నా చెయ్యి పట్టుకుంది. "మాస్టారు నిన్న మోహన్ బాబు బండి వెనక కూర్చుని వెళ్ళేరండి. అయిపోయిందండి మన పని."

నీళ్ళు తాగి లోపలికెళ్ళాను.

మాస్టారు బోనెక్కి మోహన్ వైపు ఓసారి చూశారు. "ఆయ్, ఆవిడ అద్దెకే ఉన్నారండి. కాయలు నాకూ ఇచ్చేరండి, లైనులో అందరికీ ఇచ్చేరు. నిన్న నన్ను బండెక్కించుకుని, గుర్తులేదని చెప్పమన్నారు కూడానండి."

మోహన్ వంతు వచ్చాక నేను ఒక్కటే అడిగాను. "కాయలే జీతమైతే, మాస్టారికి జీతమిచ్చేది గవర్నమెంటా, మీరా?" కోర్టులో నవ్వులు. అతను చొక్కా బొత్తాం సర్దుకున్నాడు.

హన్నమ్మ అద్దెదారే, చట్టప్రకారం తప్ప కదపడానికి వీల్లేదని తీర్పొచ్చింది. మోహన్ రేపు సరైన దారిలో ఖాళీ దావా వేసుకోవచ్చు. ఆ మాట కూడా ఆవిడకి చెప్పాను. "వెయ్యనివ్వండి. అద్దెకున్న మనిషి మీదే కదండీ వెయ్యాలి" అంది.

వారం తిరిగేసరికి ఆవిడ ఫోన్. ఏడుస్తోంది. "ఏం చేశాడా వెధవ?" అని నేను కేకేశాను.

"ఏం చెయ్యలేదండి. కురిడీలు దింపించుకోవాలంట. ఎప్పుడూ చెప్పులతో సరాసరి లోపలికొచ్చి నిచ్చెనేయించే మనిషండి. ఇవాళ గుమ్మం బయట నిలబడి, 'లోపలికి రావచ్చా హన్నమ్మగారూ' అని అడిగేడండి."

"నువ్వేమన్నావ్?"

ముక్కు చీదిన చప్పుడు. "ఆలోచించుకుని చెప్తానన్నానండి. ఇంకా ఎండలోనే ఉన్నాడు."