అనసూయ మేడం గారి ఎండ ఏసీ

వాన వెలిసిన సాయంత్రం, అమీర్‌పేట మెట్రోలో ఎవరి చున్నీ నుంచో సరిగా ఆరని బట్టల ముక్కవాసన వచ్చింది. పక్కవాళ్ళు మొహం తిప్పుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, అనసూయ మేడం గుర్తొచ్చి.

నా మొదటి ఉద్యోగంలో ఆమే బాస్. పంజాగుట్టలో రెండు గదుల ఆఫీసు. ఎండతో నడిచే ఏసీ చేయాలన్నది ఆమె పంతం. కొత్త బూట్ల పెట్టెలో తేమ పీల్చే పొట్లం ఉంటుంది కదా, ఆ మందే పూసిన పెద్ద చక్రం గాలిలోని తేమను లాగేస్తుంది. పొడిగాలిని నీళ్ళతో చల్లబరచడం తేలిక. తడిసిన చక్రాన్ని మళ్ళీ ఆరబెట్టడానికి డాబా మీది ఎండ వేడి చాలు. ఆ వేడిని ట్యాంకు నీళ్ళలో దాచుకుని రాత్రి కూడా నడుస్తుంది. విన్నవాళ్ళంతా బాగుందనేవారు, పెట్టించుకునేవారే లేరు. చివరికి మధురానగర్‌లో లేడీస్ హాస్టల్ నడిపే లక్ష్మిగారు చదువుకునే హాలుకు ఒప్పుకున్నారు. వానాకాలంలో హాలు పొడిగా ఉంటే సరే, లేదంటే మిషన్ దించుకుపోవాలన్నారు. అది దిగితే మేడం ఏళ్ళ కష్టం పాత ఇనుప సామాన్ల కొట్టుకే.

పగలు హాల్లో పెట్టిన తేమ మీటర్ ముచ్చటగా తక్కువ చూపించేది. రాత్రయితే చాలు, హాల్లో తేమ పెరిగిపోయేది. చక్రం విప్పాం, గొట్టాలు చూశాం, ఎక్కడా లోపం లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"జర ఆగు. గీడ ఉండేటోళ్ళతోని కూసుందాం," అన్నారు మేడం.

ఆ సాయంత్రం హాల్లోనే టీ తాగుతూ అమ్మాయిలతో కోచింగుల గురించీ, ఇంటర్వ్యూల గురించీ కబుర్లలో పడ్డారు. కాస్త చనువు పెరిగాక ఒకమ్మాయి బకెట్‌తో వచ్చింది, వెనకే మరికొందరు. కిటికీలకు తాళ్ళు కట్టి తడి చుడీదార్లు ఆరేశారు. రోజూ అంతేనట, లక్ష్మిగారి కంట పడకుండా పొద్దున్నే తీసేస్తారట. గదుల్లో ఎన్ని రోజులైనా ఆరని బట్టలు ఇక్కడ తెల్లారేసరికి ఆరిపోతున్నాయని మురిసిపోయారు.

మేడం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "మన మిషన్ మస్తు పని చేస్తుందే. మనమే వీళ్ళను అడగలే."

చక్రాన్ని ఆరబెట్టి బయటికి పోయే వేడిగాలిని డాబా మీది ఖాళీ గదిలోకి తిప్పి, బట్టలక్కడ ఆరేసుకోమన్నారు. హాల్లో తేమ దిగిపోయింది. వానలు తగ్గాక మిషన్ సంగతి అడగడానికి వెళ్ళాం.

"దించేదేంటండీ," అన్నారు లక్ష్మిగారు, "మా అక్క హాస్టల్లో కూడా ఒకటి పెట్టండి." ఆటోలో మేడం ఆఫీసు దాకా పాడుతూనే ఉన్నారు.

ఇప్పుడు నా కింద నలుగురు ఇంజనీర్లున్నారు. ఎక్కడైనా లెక్క తేడా వస్తే మిషన్ విప్పబోతారు. ముందు అక్కడుండేవాళ్ళతో టీ తాగి రమ్మంటాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. ఆ సాయంత్రం మేడంను నేనూ అలాగే చూశాను.