వెచ్చటి సీసా

మా ఉద్దానంలో తెల్లకోటు వేసుకుని ఎవరొచ్చినా నాకు ముందు అనుమానం, తర్వాతే నమస్కారం. ఎంతమంది రాలేదు! నీళ్లు పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు, జీడితోటలో మట్టి కూడా పట్టుకెళ్లారు. ఈ కిడ్నీల రోగం ఎందుకొస్తోందో మాత్రం ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలేదు. డయాలసిస్‌కి పోయే ఆటోలు పోతూనే ఉన్నాయి. అందుకే అంగన్‌వాడీ అరుగు మీద నర్సమ్మ కిడ్నీల బొమ్మ పట్టుకుని, "ముందే తెలిస్తే మందులతో నెట్టుకురావచ్చు" అంటుంటే, ఆడవాళ్లమంతా వింటున్నట్టు కూర్చున్నామే గానీ ఒకరి మొహాలొకరం చూసుకుంటూనే ఉన్నాం.

మా అత్తయితే మొహమ్మీదే అడిగేసింది. "పరీచ్చ సేసినాక ఎవులు బతికినారు సెప్పమ్మా? మా ఆయన బాగానే తిరిగినాడు. ఆ మాట సెవిన పడ్డాక మంచం దిగనేదు."

ఆవిడకి రోగం కంటే పరీక్ష మీదే అనుమానం. నాకు రెండింటి మీదా ఉంది. కానీ కొబ్బరితోట నుంచి వచ్చేసరికి మా ఆయన పాదాలు ఉబ్బుతున్నాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. మామగారికీ పాదాల దగ్గరే మొదలయిందట. మా ఆయన పేరు అంటించిన సీసా ఒకటి నర్సమ్మని అడిగి తెచ్చుకున్నాను. పొద్దున్నే మూత్రం పట్టి ఇమ్మన్నారు.

మర్నాడు నేను లేచేసరికే ఆయన తోటకి వెళ్లిపోయారు. నేను వాకిలి ఊడ్చి, అంట్లు తోమి లేచాక, అత్త పెరట్లోంచి సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "ఆడు ఇచ్చేసి ఎల్లినాడు. పట్టుకుపో."

సీసా వెచ్చగా ఉంది.

"ఏటత్తా, ఆయనెల్లి ఇంతసేపయింది, ఇదింకా యెచ్చగున్నాదేటి?"

"ఎండలో పెట్టినానే! అన్నీ ఆరాలే నీకు."

పెరట్లోకి ఇంకా ఎండే రాలేదు. కొంపదీసి నీళ్లు గానీ కలిపిందా? సిగ్గు విడిచి మూత తీసి వాసన చూశాను. మూత్రమే.

అరుగు మీద నర్సమ్మ అందులో కాగితప్పుల్ల ముంచింది. పసుపు గడి చూస్తుండగానే ముదురాకుపచ్చకి తిరిగింది. ఆవిడ నా వైపు చూడకుండా, "రేపే ఆయన్ని రక్తపరీక్షకి తీసుకురా, ఆలస్యం చెయ్యకు" అంది.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన ఆయనకి ఏడుస్తూనే చెప్పాను. ఆయన ముద్ద ఆపేసి తెల్లబోయారు. "నాను సీసా ముట్టుకోనేదు కదే. మర్సిపోనాను."

ఇద్దరం అత్త వైపు తిరిగాం. ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"అమ్మయ్య! అది నాదే. ఆడిది కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీదైతే పర్వానేదా? నీ పేనం పేనం కాదా?" అని అరిచాను. ఆవిడ వినిపించుకుంటేనా! కొడుకు కంచంలో కూర వేస్తోంది. "ఆడికేటీ నేదు. నిమ్మలంగా తిన్నీ."

ఆయనకేమీ లేదని ఎవరు చెప్పారు? ఆయన్ని ఇంకా ఎవరూ పరీక్షే చెయ్యలేదు.

ఆ మర్నాడు రెండు సీసాలు పట్టుకుని బాత్రూమ్ తలుపు ముందు కాపలా నిలబడ్డాను. ముందు ఆయన ఇచ్చి వెళ్లారు. తర్వాత అత్త వచ్చి, తన సీసా అందుకోబోయి, నా మణికట్టు పట్టుకుంది. నిన్నటి నవ్వు లేదు.

"ఒసే, ఆడిది కూడా ఆకుపచ్చగా తిరిగితే ఆడికి సెప్పకే. అదీ నాదేనని సెప్పు."