లండన్ దవాఖానలో కుర్చీ

మా ఇంట్లో టీవీ ముందు ఎవరూ ఖాళీగా కూర్చున్నది లేదు. అమ్మా నేనూ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. కళ్లు టీవీ మీద, వేళ్లు ఆకు మీద. బాన్సువాడలో మా వాడకు కేబుల్ వచ్చాక, రెండువేల సంవత్సరం తర్వాతే అనుకుంటా, మధ్యాహ్నం కరెంటు ఉన్న పూట రెండు ఇంగ్లీషు దవాఖాన సీరియళ్లు చూసేవాళ్లం. ఒకటి అమెరికాది, ఒకటి లండన్‌ది. భాష ఎవరికి వచ్చు గనక! అక్క ఊళ్లోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. సెలవు రోజు ఆమే మాకు అర్థం చెప్పేది. ఆ రెండింటినీ తీసినవాళ్లకు నేనిప్పటికీ దండం పెడతాను.

నాయినకు గుండె జబ్బు. అందుకే ఆయనకు అమెరికాదంటే ప్రాణం. తలుపులు ధడేల్మని తెరుచుకోవాలి, స్ట్రెచర్ వెంట పదిమంది పరుగెత్తాలి, ఛాతీ మీద కరెంటు పెట్టగానే మనిషి ఎగిరిపడి కళ్లు తెరవాలి.

"నన్ను గూడ గట్లనే కరెంటు వెట్టి లేపుండ్రి" అనేవాడు.

"ముందు కరెంటు ఉండాలె గద నాయినా" అనేది అక్క.

నాకూ ఆ డాక్టర్లంటే పిచ్చి. అబ్బ, ఏం అందగాళ్లు! మూడు రోజులు నిద్ర లేకపోయినా జుట్టు చెదరదు. ఆపరేషన్ మధ్యలోనే ప్రేమలు, అలకలు, అన్నీ.

లండన్‌ది అట్లా కాదు. మొదటి పది నిమిషాలు అసలు దవాఖానే కనపడదు. ఒకాయన నిచ్చెన ఎక్కుతాడు. ఒకామె పొయ్యి మీద నూనె పెట్టి ఫోన్ ఎత్తుతుంది. దెబ్బ ఎవరికి తగులుతుందో మనమే కనిపెట్టాలి.

"గా నిచ్చెనోడే" అని నేను.

"కాదే, కింద నిలవడ్డోడు" అని అమ్మ. ఎప్పుడూ అమ్మే గెలిచేది.

అక్కడి డాక్టర్లకు బట్టతలలు, బొజ్జలు. బయట ఎప్పుడూ ముసురు. బెంచీల మీద జనానికి మా సర్కారు దవాఖానలో లాగే నంబరు కోసం కొట్లాట. అక్క మాత్రం దాన్నే మెచ్చేది, ఎందుకంటే అందులో పెత్తనమంతా నర్సుది.

"అమెరికల నర్సుకు కత్తెర అందిచ్చుడే పని. ఈడ సూడు, పెద్ద డాక్టర్నే దబాయిస్తుంది!"

మనిషి పోతే అమెరికా డాక్టర్ వరండాలో నిలబడి ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాడు. వెనకనుంచి పాట వస్తుంది. లండన్ నర్సు అట్లా వదలదు. చిన్న గదిలోకి తీసుకుపోయి, కుర్చీ జరిపి, కూర్చోబెట్టి, చేతికి చాయ్ ఇచ్చి, చనిపోయాడని సూటిగా చెబుతుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు మంచి మాట దొరకడం మేము ఒక్కసారీ చూడలేదు. కుర్చీ జరిగితే చాలు, అమ్మ "అయ్యో, అయిపాయె" అని చాట పక్కన పెట్టేసేది.

"మనోళ్లకు గిది నేర్పాలె" అనేది అక్క. "సచ్చినంక గూడ సీరియస్ ఉన్నది, ఇంటికి తీస్కపోండ్రి అంటరు."

నిజమే. మా దగ్గర ఆడవాళ్లకు దవాఖానలో చెప్పరు. ఇల్లు చేరాకే తెలుస్తుంది.

ఒకరోజు పొద్దున బజార్లో నాయిన కూలబడ్డాడు. మా చిన్నాయిన ఆయన్ను అక్క పనిచేసే దవాఖానకే తీసుకుపోయాడు. అమ్మా నేనూ ఆటోలో చేరేసరికి అంతా అయిపోయింది. అక్క ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది.

"జర సీరియస్ ఉన్నది వదినా. ఇంటికి తీస్కపోదాం పా" అన్నాడు చిన్నాయిన.

అక్క ఆయన మాట చెవిన వేసుకోలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని మందుల గదిలోకి తీసుకుపోయింది. నేను వెంటే వెళ్లాను. గోడ దగ్గరి కుర్చీని ముందుకు జరిపింది.

"కూసోమ్మా."

అమ్మ ఆ కుర్చీ వైపు చూసింది.

"నేను కూసోను."

"జర కూసోమ్మా."

"కూసోను బిడ్డా. కూసుంటె నువ్వు చెప్తవ్."

అంతసేపూ బిగబట్టుకున్న అక్క, ఆ తెల్ల డ్రెస్సులోనే, చిన్నపిల్లలా ఏడ్చేసింది. లండన్ నర్సు ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు అమ్మే అక్క భుజాలు పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. తలను కడుపుకు అదుముకుంది.

"ఇగ చెప్పు బిడ్డా" అంది. "ఇంటున్న."

అక్క చెప్పింది. అమ్మ నిలబడే విన్నది.