మిల్లు కళ్లం మీద నా అరికాళ్లు

రాస్కో బిడ్డా. నేను నోటికొచ్చినట్టు చెప్త, నువ్వు పుస్తకంల లెక్క మంచిగ రాయి.

మిర్యాలగూడ బియ్యం మిల్లులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఉడికిన వడ్లను సిమెంటు కళ్లం మీద పరిచి, చెప్పుల్లేకుండా కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేయాలి. వడ్లు ఎండాయో లేదో అరికాలే చెప్పేది. తడి ఉంటే మెత్తగా, చల్లగా తగిలేవి. ఎండితే గరగర. మేస్త్రీ వచ్చి నన్నే అడిగేవాడు.

ఈ ఎండాకాలమే ఒక మధ్యాహ్నం, కళ్లం పెనంలా కాలుతుంటే ఆడవాళ్లంతా గంతులేస్తూ నీడకు ఉరికారు. నేను మాత్రం నడుస్తూనే ఉన్నాను.

"నీయి కాళ్లా, బర్రె డెక్కలా అక్కా?" అని మా జట్టులో ఒకామె నవ్వింది.

"మీయి కూసున్న కాళ్లు, నాయి పనిచేసిన కాళ్లు!" అన్నాను.

కాళ్లు గట్టిపడ్డాయని గర్వపడ్డాను. అవి చచ్చుబడ్డాయని ఎవరికి తెలుసు?

సాయంత్రం కాళ్లు కడుగుతుంటే ఆమే అరిచింది: "అక్కా, తోలు ఊడింది!" కుడి బొటనవేలి కింద బొబ్బ పగిలి, అందులో రెండు వడ్లగింజలు దిగి ఉన్నాయి. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని పసుపు అద్దుకుని ఇంకో పది రోజులు పనికి పోయాను. అప్పటికి వేలు నల్లబడింది.

సూర్యాపేట దవాఖానలో డాక్టరు షుగర్ అన్నాడు.

"తోలు కింద నరాల కొసలు ఉంటయమ్మా. వేడికి కొన్ని, ఒత్తిడికి కొన్ని, నొప్పికి కొన్ని. గవి వెన్నుపాముకు కబురు పంపితే, ఆడికెల్లి మెదడుకు పోతది. నిప్పు తొక్కితే మెదడుకు తెలిసేలోపే వెన్నుపాము కాలు గుంజుతది. నీ నరాలను షుగర్ తినేసింది. పాదం దాకా పోయేటియి అన్నిట్ల పొడుగు నరాలు, అందుకే ముందుగాల గవే పాడైతయి."

"మల్ల స్పర్శ వస్తదా సారూ?"

"ముందు వేలు సంగతి సూడు. పుండు మానకపోతే తీసెయ్యాలె."

బొటనవేలు లేకుండా చాళ్లు ఎట్లా తీస్తాను? ఏడుస్తుంటే మా చెల్లె, అదే మీ అమ్మ, నన్ను కోదాడకు, మీ ఇంటికి తీసుకొచ్చి ఇక్కడి డాక్టరుకు చూపించింది. ఆయన సన్నటి నైలాను పోగు పట్టుకున్నాడు.

"కళ్లు మూసుకోండమ్మా. తగిలినప్పుడల్లా చెప్పండి."

నరం బతికే ఉందనుకుంటే వేలు తీయరని నా ఆశ. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"తగిలింది సారూ... మల్ల తగిలింది. బొటనేలికే."

పక్కన మీ అమ్మ ముక్కు చీదిన చప్పుడు.

"నేనింకా తాకించలేదమ్మా," అన్నాడాయన మెల్లగా.

కళ్లు తెరిచాను. పోగు నా పాదానికి జానెడు దూరంలో ఉంది.

రేపు పొద్దున కట్టు విప్పి చూసి, వేలు ఉంచేదీ తీసేదీ చెప్తారట.

ఇగ రాసింది సాలు. పెన్ను పక్కన పెట్టి, కట్టు లేని కాలు ఉంది సూడు, ఎడమది, దాని బొటనేలు గిచ్చు. జర గట్టిగ. నేను కండ్లు మూసుకుంట.

గిచ్చినవా బిడ్డా? అబద్ధం చెప్పకు. గిచ్చినవా?