మూతి దాకా వెళ్ళిన గీత

పాత సీసా చేతికి రాగానే మూతి మీద బొటనవేలు పెట్టి చూడాలని నాకు నేర్పింది మా ఇంటి ఓనరావిడ. తప్పుగా నేర్పింది. పొరపాటున కాదు, తెలిసే. ఇన్నేళ్ళయినా ఈ మాట రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. కాబట్టి ఇది నెమ్మదైన మనిషి చెప్పే సంగతిలా ఉండదని ముందే చెప్పేస్తున్నాను.

తొంభైల మొదట్లో పెళ్ళయి బెంగళూరు వచ్చాను. కె.ఆర్.పురం స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో మేడమీద వాటా మాది. మా ఆయన పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. నాకు కన్నడం ముక్క రాదు. నా గుంటూరు తెలుగు అక్కడి తెలుగువాళ్ళకి సగం వింత, సగం నవ్వులాట. కింది వాటాలో ఓనరావిడ ఉండేది. వాళ్ళది ఏ తరంలోనో అక్కడికొచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబం. వయసులో నాకంటే బాగా పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఆకుకూరల అమ్మాయితో కన్నడంలో ఎలా గీచి గీచి బేరమాడాలో, అన్నీ ఆవిడే నేర్పింది. నాకు జ్వరమొస్తే రాగిజావ కాచి, మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి తెచ్చింది. పుట్టింటివాళ్ళు గుర్తుకొచ్చి ఏడిస్తే తల నిమిరింది. ఇక ఆవిడ ఏం చెప్పినా నాకు వేదవాక్కు కాక మరేమవుతుంది?

ఆవిడ ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉండేది. వాళ్ళ మామగారు దొరల కాలంలో కంటోన్మెంటులో ఏదో క్లబ్బులో స్టోరు చూసేవాడట. ఆయన ఇంటికి తెచ్చిన ఖాళీ సీసాలతో మొదలైందట ఆ పిచ్చి. నీలం, ఆకుపచ్చ, తేనెరంగు, నేరేడుపండు రంగు. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఆ బీరువా మీద పడితే ఎర్ర గచ్చు నేల మీద రంగులు పరుచుకునేవి. మొదటిసారి చూసినప్పుడు నేను కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయాను. ఆవిడ అది గమనించింది. వచ్చే ఆదివారం తనతో రమ్మంది.

అలా చిక్కపేట పోవడం మొదలైంది. బట్టల దుకాణాలు, హార్డ్‌వేర్ దుకాణాలు దాటి, తోపుడుబళ్ళను తప్పించుకుంటూ లోపలి సందుల్లోకి పోతే గుజరీ అంగళ్ళు వచ్చేవి. అంటే పాత సామాన్ల కొట్లు. తుప్పు పట్టిన ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు, ఇత్తడి కుళాయిలు, వాటి మధ్య గోనెసంచుల్లో సీసాలు. మేం ఎక్కువగా వెళ్ళే కొట్టుకి ఒక పెద్దాయన యజమాని. ఆయన సరుకు చూసేవాడు కాదు, మన చేతులు చూసేవాడు. ఏ సీసా పట్టుకుని మన కళ్ళు మెరిశాయో దానికి ధర పెంచేసేవాడు. ఒకరు చూసి వద్దని పక్కన పెట్టిన సరుకంటే మాత్రం ఆయనకు లోకువ. ఎంతో కొంత ఇచ్చి పట్టుకుపొమ్మనేవాడు. ఈ సంగతి మొదటి వారమే నాకు అర్థమైంది. దీని పర్యవసానం ఏమిటో మాత్రం చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

ఆ మొదటి ఆదివారమే కొట్టు ముందు మెట్టు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పింది అక్క. అచ్చులో పోసిన సీసాకి పక్కన నిలువుగా సన్నటి గీత ఉంటుంది, రెండు సగాలు అతికిన చోటు. నా వేలు పట్టుకుని ఆ గీత మీద నడిపించింది.

"చూడప్పా, ఈ గీత ఉండాదే, ఇది అడుగు నుంచి మూతి దాకా పోవల్ల. మూతి మీద గూడా యేలికి తగలల్ల. అట్ల తగిలితే పాతది. భుజం కాడ్నే నిలిచిపోయిందంటే కొత్తది. దొంగ సరుకు."

"గాజులో బుడగలున్నాయి కదక్కా, వీటి సంగతేమిటి?" అని అడిగాను.

"బుడగలుంటే నాసి పని. పాతకాలమోళ్ళు అంత గలీజుగా చేస్తారా? మూతి వంకరగా ఉండేది, అడుగున మచ్చ ఉండేది, అన్నీ ఈ కాలం పనులే. ఇంకేం గావల్ల గుర్తు?"

ఎంత సబబుగా ఉందో చూడండి. పాతకాలం వాళ్ళు ఏం చేసినా పొందికగా, నిండుగా చేసేవాళ్ళని మనవాళ్ళందరికీ ఒక భక్తి. మా నాయనమ్మ రోలు గురించి, తాతగారి పందిరిమంచం గురించి అలాంటి మాటలు వింటూనే పెరిగాను. ఆ భక్తి మీదే ఆవిడ గురి పెట్టింది. వేరే మాటైతే నేను ఎదురు ప్రశ్న వేసేదాన్నేమో.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. సంచి విప్పగానే ముందు నేను చూడాలి. నేను కాదన్నవే ఆవిడ ముట్టుకోవాలి. ఈ పద్ధతి పెట్టింది ఆవిడే.

"నువ్వు కొత్తగా నేర్చుకుంటాండావు, నువ్వే ముందు చూడు. నాకు ఇంటి నిండా ఉండాయి కదా" అనేది.

అంత పెద్ద మనసు ఎవరికుంటుంది అనుకునేదాన్ని. మా అమ్మకి ఫోన్లో చెప్పి మురిసిపోయేదాన్ని కూడా. నేను కూర్చుని సీసా తరవాత సీసా తీసి, మూతి తడిమి, గీత పైదాకా తగిలితే ఒళ్ళో పెట్టుకునేదాన్ని. తగలకపోతే పక్కకి తోసేదాన్ని. కొట్టు పెద్దాయన నా ఒళ్ళో ఉన్నవాటికి ధర చెప్పి, తోసిన కుప్పను అక్కకి ఊరికే ఇచ్చినంత పని చేసేవాడు.

ఒక వర్షం వెలిసిన ఆదివారం సంచి అడుగు నుంచి ఒక సీసా తీశాను. నెమలికంఠం రంగు. పొట్ట మీద ద్రాక్షగుత్తులు ఉబ్బెత్తుగా, పొడుగాటి మెడ, దానికి సరిపడే గాజు బిరడా. చేతిలో బరువుగా, చల్లగా ఉంది. గుండె ఝల్లుమంది. ఇది నాదే అనుకున్నాను. వేలు పెట్టి చూస్తే గీత భుజం దగ్గరే ఆగిపోయింది. మూతి నున్నగా, కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే లోపల సన్నటి బుడగలు. ఎంత బాధపడ్డానో చెప్పలేను. మళ్ళీ మళ్ళీ తడిమాను, గీత నా కోసమైనా పైకి వస్తుందేమోనన్నట్టు.

"ఎంత బాగుందో అక్కా. కానీ కొత్తదే" అని ఆవిడకి అందించాను.

ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "పాపం, రంగు మాత్రం బాగుండాది. పోనీలే, సుమ్నే, ఊరికే మనీప్లాంటు పెట్టుకుంటా" అంది.

తిరుగు బస్సులో మిగతా సీసాలన్నీ సంచిలో కాళ్ళ దగ్గర ఉంటే, ఆ ఒక్కటీ పైటచెంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను చూశాను. చూసి, నాకు నచ్చిందని ఎంత జాగ్రత్తగా తెస్తోందో అనుకున్నాను. నాలాంటి తెలివైనది బెంగళూరులో దీపం పెట్టి వెతికినా దొరకదు. మనీప్లాంటు కొన్నాళ్ళు దాని మెడలోంచి వేలాడింది. తరవాత తీగ కుళ్ళిపోయిందని చెప్పి సీసాను కడిగి బీరువాలో పెట్టుకుంది.

ఏళ్ళు గడిచాయి. నా కిటికీల నిండా సీసాలు. ఊరు మారిపోయింది, కొత్త ఆఫీసులు, కొత్త అపార్ట్‌మెంట్లు, కొత్త హోటళ్ళు. పాత వస్తువులతో ఇళ్ళు అలంకరించేవాళ్ళు బయల్దేరారు. అక్క బీరువా చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చేవాళ్ళు. ఒకసారి అలా వచ్చిన ఒకావిడ మేడమీదికి కూడా వచ్చి నా కిటికీలు చూసింది. ఒక్క సీసా కూడా చేతిలోకి తీసుకోలేదు. "బాగున్నాయండీ, నూనె పోసుకోవడానికి పనికొస్తాయి" అని దిగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క నా భుజం మీద చెయ్యేసి, "ఆమెకేం తెలుసు, ఇడ్సిపెట్టు" అంది. ఎంత ఓదార్పు అనిపించిందో ఆ చెయ్యి.

రెండువేల సంవత్సరం దాటాక ఒక మధ్యాహ్నం అయిపోయిన టమాటా సాస్ సీసా కడుగుతున్నాను. నిజంగా నూనె పోసుకోవడానికే. సబ్బు చేత్తో మూతి చుట్టూ రుద్దుతుంటే బొటనవేలికి గీత తగిలింది. మూతి మీద, పైదాకా. కుళాయి కట్టేశాను. కాగితం చీటీ ఇంకా పూర్తిగా ఊడలేదు, దాని మీద ఆ సంవత్సరం ముద్ర స్పష్టంగా ఉంది. చేతులు తుడుచుకుని దగ్గు మందు సీసా తీశాను. పైదాకా గీత. వెనిగర్ సీసా. పైదాకా గీత. మొన్న మొన్న కంపెనీల్లో తయారైన ప్రతి సీసాకీ, పాతదనడానికి గుర్తని నేను ఇన్నేళ్ళూ నమ్మిన గీత ఉంది.

అప్పటికీ ఆవిడను అనుమానించడానికి మనసొప్పలేదు. అమ్మకి ఫోన్ చేసి, నాయనమ్మ పెళ్ళినాటి అత్తరు సీసా తీసి మూతి తడిమి చూడమన్నాను.

"ఏమైందే నీకు? పొయ్యి మీద పులుసుంది" అంది అమ్మ.

"పులుసు దించి చూడు."

చాలాసేపటికి వచ్చింది. "నున్నగా ఉందే. ఏదో గీత ఉంది గానీ మెడ మొదట్లోనే ఆగిపోయింది. మూతి కొంచెం వంకర. ఎందుకు, అమ్ముతావా?"

ఫోన్ పెట్టేసి వంటింటి గడప మీద కూర్చున్నాను. ఆలోచిస్తే ఇంత చిన్న విషయం. ఈ కాలంలో మిషను సీసా మొత్తాన్ని మూతితో సహా ఒక్కసారే పోస్తుంది, గీత పైదాకా వస్తుంది. వెనకటి రోజుల్లో ఒంటిని అచ్చులో ఊది, మూతిని మనిషి చేత్తో తిప్పి నునుపు చేసేవాడు, అందుకే గీత అక్కడ చెరిగిపోతుంది. బుడగలు, వంకర మూతి, అడుగున మచ్చ కూడా ఆ చేతిపని గుర్తులే. ఎవరైనా చెబితే చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే సంగతి. ఆవిడ నా చేతికి అద్దాన్ని తిరగేసి ఇచ్చింది. నేను అందులో చూసుకుంటూ చిక్కపేట సందుల్లో ఆణిముత్యాలన్నీ ఏరి ఏరి, కాదని ముద్ర వేసి, కొట్టువాడి ముందే చవక చేసి, ఆవిడ ఒళ్ళో పోశాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది.

కిందికి దిగాను. ఆవిడ చాప మీద కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. పప్పు ఒక గిన్నెలోకి, తొక్కలు ఒక చేటలోకి.

"అక్కా, గీత మూతి దాకా పోతే కొత్త సీసా. నాకు తిరగేసి చెప్పావు" అన్నాను.

ఆవిడ చేతులు ఆగలేదు. "ఎవురు చెప్పిరి నీకు?" అంది.

కాదంటుందనుకున్నాను. పొరపాటు పడ్డానంటే నమ్మేద్దామని మెట్లు దిగుతూనే సిద్ధపడ్డాను కూడా. ఆవిడకి కావలసింది ఎవరు చెప్పారనేది మాత్రమే.

"ఎవరూ చెప్పలేదు. సాస్ సీసా చెప్పింది."

"ఓ" అంది. ఇంకో గింజ పితికింది. "నేనేమన్నా దొంగతనం చేస్తినా? నువ్వు వద్దన్నవే కదా నేను తీసుకుంటి. నువ్వు వద్దంటివని కదా ఆయప్ప గూడా నాకిచ్చె."

"ఎందుకు వద్దన్నాను? నువ్వు చెప్పబట్టి కదా!"

"నీ సీసాలు చూసుకోని నువ్వు ఎంత మురిసిపోతాంటివి. నీకేం తక్కువైంది చెప్పు? ఇన్నేండ్లలో ఒక్కపొద్దైనా అడిగితివా, ఎందుకక్కా అట్ల అని?"

"అడిగుంటే చెప్పేదానివా?"

ఆ ప్రశ్నకి మాత్రం చేతులు ఆగాయి. "లేదప్పా" అంది.

ఆ నిజాయితీకి చెంప మీద కొట్టినట్టయింది. అరవాలని వచ్చినదాన్ని ఆవిడ చేతుల వంక చూస్తూ నిలబడ్డాను. నా జ్వరానికి జావ కాచిన చేతులే అవి. అదీ నిజమే, ఇదీ నిజమే. ఒకటి అబద్ధమైతే ఎంత బాగుండేది, హాయిగా అసహ్యించుకునేదాన్ని. సాయంత్రం పితికిపప్పు కూర పైకి పంపింది, ఏమీ జరగనట్టు. నేను దాన్ని పారబోశాను. మా ఆయన అంతా విని, "సీసాలే కదా" అన్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ సంవత్సరమే ఇల్లు మారాం. నా సీసాలు నాతోనే తెచ్చుకున్నాను, వాటి తప్పేముంది కనుక. ఆవిడ గుమ్మం దాకా వచ్చి కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు కూడా నిజమైనవే అనుకుంటాను.

ఇప్పటికీ పాత సామాన్ల కొట్టు కనబడితే కాళ్ళు ఆగుతాయి. ఇప్పుడు సరిగ్గా చూడడం వచ్చు. పుస్తకాలు చదివాను, నలుగురిని అడిగాను, ఎవరు ఏం చెప్పినా ఎందుకని అడగడం నేర్చుకున్నాను. అయినా సీసా చేతికి తీసుకుని మూతి తడిమినప్పుడు గీత పైదాకా తగిలితే, ఒక్క క్షణం నా లోపల దొరికిందోచ్ అని సంతోషం పొంగుతుంది. నున్నగా తగిలితే మనసు చివుక్కుమంటుంది. ఆ తరవాతే బుద్ధి వచ్చి, కాదే పిచ్చిదానా, తారుమారు చేశావని సరిదిద్దుతుంది. సీసాలు తీసుకుంటే తీసుకుంది. నాకు ఏది తగిలితే సంతోషం కలగాలో కూడా ఆవిడే నిర్ణయించి, నా వేలికి అప్పగించి పోయింది.