తూటాల పెట్టెకు రెండో తాళంచెవి

మా ఆయన పోయిన తరువాత ఇంట్లో మిగిలిన వస్తువులన్నిటిలోనూ నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒక్కటే, ఆయన పేరు మీద లైసెన్సు ఉన్న రెండు గొట్టాల తుపాకీ. దాచేపల్లికి ఎగువన మా పొలాలు గుట్టలను ఆనుకుని ఉంటాయి. మిరప, పత్తి జోలికి రావు గానీ, వేరుశనగలో కాయ ఊరిందంటే చాలు, అడవిపందులు మందగా దిగి చేనంతా తిరగదోడేవి. మా మామగారి కాలం నుంచీ తుపాకీ అందుకే ఉంది. చంపింది తక్కువ, గాలిలోకి పేల్చి తరిమింది ఎక్కువ. వారసురాలిగా లైసెన్సు నా పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టినప్పుడు ఊళ్లో నవ్వారు. పంతులమ్మకు బెత్తం చాలదా, తుపాకీ ఎందుకన్నారు. నవ్వినవాళ్లెవరూ నా చేనికి కాపలా వస్తామనలేదు.

లైసెన్సు చేతికి వచ్చిననాడే నాకొక విషయం స్పష్టమైంది. అందరి కళ్లూ తుపాకీ మీద ఉంటాయి. ప్రమాదం మాత్రం తూటాలతో. తుపాకీ ఎత్తుకుపోయినవాడు దాన్ని ఎంతోకాలం దాచలేడు. తూటా చొక్కా జేబులో పడుతుంది. పైగా మా చుట్టుపక్కల కక్షలున్న ఊళ్లలో తూటాను తూటాగానే వాడతారన్న నమ్మకం లేదు. అందులోని మందు నాటుబాంబులకూ పనికి వస్తుంది. ఆ పని వల్ల చేతులు పోగొట్టుకున్న మనుషులను నేను ఆసుపత్రి వరండాలో చూశాను. వాళ్లలో ఒకడు నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు.

మా వైపు ఇళ్లలో విలువైనవన్నీ ఒకే బీరువాలో పెట్టడం అలవాటు. బంగారం, పట్టా పుస్తకాలు, తుపాకీ, తూటాలు, అన్నిటికీ ఒకటే తాళం. బీరువా పగిలితే సర్వం పోతుంది. నేను ఆ పద్ధతి మార్చాను. తుపాకీని గొట్టాలు వేరు, చెక్క మడమ వేరు చేసి నా గది బీరువాలో పెట్టాను. తూటాలను మామగారి నాటి చిన్న ఇనప్పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను నడిమింట్లో గోడ అలమారలో బోల్టులతో బిగించాను. పొయ్యి సెగ తగలకుండా వంటింటికి దూరంగా, పురుగుమందుల డబ్బాలూ డీజిలు క్యానూ ఉండే కొట్టానికి ఇంకా దూరంగా. బీరువా తాళంచెవి ఒక చోట, పెట్టె తాళంచెవి ఇంకో చోట. ఏది ఎప్పుడు తీశానో, ఎందుకు తీశానో రాసిపెట్టేదాన్ని. ఇది చాదస్తమన్నవాళ్లకు నేను చెప్పిన సమాధానం ఒక్కటే: లైసెన్సు మీద ఉన్నది నా ఫొటో.

గుంటూరులో తుపాకుల షాపాయన తూటాలు అమ్ముతూ, చల్లటి పొడి చోట, వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచమన్నాడు. తేమ ఎంత చేటో ఎండ కూడా అంతే చేటన్నాడు. ఈ మాట మా అత్తగారికి రుచించలేదు. మామగారి కాలంలో తూటాలకు కాగితపు తొడుగు ఉండేది. వానాకాలం తేమకు ఉబ్బి గొట్టంలో దూరేవి కావట. అందుకని ఏటా మాఘమాసంలో, డాబా మీద కొత్త మిరపకాయలు పోసినప్పుడే, పక్కన గోనెపట్టా పరిచి తూటాలనూ ఎండబెట్టేదట ఆవిడ. ఇప్పటివి ప్లాస్టిక్ తొడుగువి, ఎండ తగలకూడదని నేను చెబితే, "మీ చదువుకున్న తూటాలు ఎండకు కూడా ఓర్చుకోలేవు కాబోలు" అంది.

మా మరిది కుటుంబం అదే ఇంట్లో ఉత్తరపు వాటాలో ఉండేది. అత్తగారు రెండు వాటాలకూ మనిషి. ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా మరిది ఒక అభ్యర్థి తరఫున జీపులో తిరగడం మొదలుపెట్టాడు. జీపులో అతనితో ఉండే మొహాలు మా ఊరివి కావు. వాళ్లకు మా చావిట్లో మంచినీళ్లు ఇస్తూ నేను ప్రతి మొహాన్నీ గుర్తుపెట్టుకున్నాను. వాళ్లలో ఒకడు తలుపులోంచి నడిమింటి గోడ అలమార వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. అక్కడ ఏముందో కొత్తవాడికి ఎవరు చెప్పి ఉండాలి?

ఎన్నికలకు ముందు లైసెన్సు ఉన్నవాళ్లందరూ తుపాకీలనూ తూటాలనూ పోలీసు స్టేషనులో అప్పజెప్పాలని కబురు వచ్చింది. స్టేషనుకు వెళ్లే ముందురోజు పొద్దున పెట్టె తెరిచాను. తూటాల అట్టపెట్టె మూత చెవిని నేనెప్పుడూ లోపలికి మడుస్తాను. అది బయటికి మడిచి ఉంది. లెక్క చూశాను. ఒకటి తక్కువ.

పెట్టెకు దెబ్బ తగిలిన గుర్తు లేదు, తాళం చెక్కు చెదరలేదు, నా తాళంచెవి నా దగ్గరే ఉంది. అత్తగారినీ, మరిదినీ, తోడికోడలినీ చావిట్లో కూర్చోబెట్టి సంగతి చెప్పాను. తూటా ఒకటి పోయిందనీ, రేపు స్టేషనులో ఆ మాట రాసి ఇస్తాననీ అన్నాను. తోడికోడలు నేల చూసింది. అత్తగారు తులసికోట వైపు చూసింది. మరిది మాత్రం నా మొహంలోకే చూసి, ఒకటే కదా, ఎక్కడో పడి ఉంటుందిలే అని లేచిపోయాడు. కాసేపట్లో జీపు వెళ్లిన చప్పుడైంది.

మర్నాడు నేను స్టేషనుకు బయల్దేరబోతుండగా మరిది డాబా మెట్ల మీంచి దిగి వచ్చాడు. అరచేతిలో ఎర్రటి తూటా.

"ఇదిగో వదినా, నీ సొత్తు. డాబా మీద కాయలు ఎగదోస్తుంటే కాలికి తగిలింది. అమ్మ ఎండబెట్టినప్పుడు దొర్లిపోయి ఉంటుంది. కాయలూ ఎరుపే, ఇదీ ఎరుపే, ఎవరికి కనపడుద్ది?"

అత్తగారు వెంటనే అందుకుంది. "నేనేనే అమ్మాయ్. మాఘమాసపు ఎండ వృథా పోతుందని ఎండబోశాను. చెబితే నువ్వు అరుస్తావని చెప్పలా."

"పెట్టె ఎట్లా తీశారు అత్తయ్యా?"

"ఆ పెట్టె మీ మామగారిది. దానికి మొదట్నుంచీ రెండు తాళంచెవులు."

ఇన్నేళ్లూ నేను కాపలా కాసింది ఏ పెట్టెకో ఆ క్షణంలో తెలిసింది. ఆ రెండోది ఇప్పుడు ఎక్కడుందని అడిగాను. ఆవిడ కొడుకు వైపు చూసింది.

నేను తూటాను ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏంది వదినా, వాసన చూస్తున్నావు? అదేమన్నా మామిడిపండా?"

మిరప నేలలో పుట్టి పెరిగినదాన్ని. ఎండుకాయల రాశిలో ఒక పూట ఉన్న వస్తువు ఏదైనా, గుడ్డ గానీ ఇనుము గానీ, ఆ ఘాటు పట్టకుండా బయటికి రాదు. ముట్టుకున్న చెయ్యి కంటికి తగిలితే సాయంత్రం దాకా మంట. ఆ తూటా వాసనకు నాకు తుమ్ము రాలేదు. ఇత్తడి అంచుకు దుమ్ము లేదు. సిగరెట్ల వాసన, దాని అడుగున కాస్త డీజిలు వాసన. పెట్టెలోని తూటాలు కూడా తీసి చూశాను. పక్కపక్కన ఎండినవైతే వాటికీ ఘాటు అంటాలి. ఒక్కదానికీ లేదు. ఆ ఏడు అత్తగారు ఏ తూటాలనూ ఎండబెట్టలేదు.

తూటాను అతని చేతికే ఇచ్చి, మిరప ఘాటు ఉందేమో చూడమన్నాను. "గాలికి పోయి ఉంటుంది" అన్నాడు.

"మిరప ఘాటు గాలికి పోతుందా? ఈ మాట గుంటూరు మిర్చి యార్డులో అని చూడు, నవ్వుతారు."

అప్పుడు గొంతు తగ్గించాడు. లెక్క సరిపోయింది కదా, ఇంక రచ్చ ఎందుకు, ఎన్నికల ముందు సొంత మరిదిని స్టేషను మెట్లు ఎక్కిస్తావా అన్నాడు. అత్తగారు కళ్లు ఒత్తుకుంది. ఇంటి పరువు అంది. స్టేషనులో నేను సంతకం పెట్టవలసిన కాగితంలో, ఈ తూటాలన్నీ ఇంతవరకూ నా అదుపులోనే ఉన్నాయని ఉంటుంది. అది అబద్ధం. అబద్ధం మీద సంతకం పెట్టించుకోవడానికి ఇంటి పరువును అడ్డం పెడతారా అన్న కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

స్టేషనులో కానిస్టేబులు లెక్కపెట్టి సరిపోయిందన్నాడు. ఎస్సైగారు కాగితం నా వైపు తోశారు. నేను సంతకం పెట్టకుండా జరిగింది చెప్పాను.

"లెక్క సరిపోయిందమ్మా. దొరికిన వస్తువు మీద ఫిర్యాదేంటి?"

"తూటా దొరికింది సార్. అది ఎక్కడికి పోయి వచ్చిందో దొరకలేదు."

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఎవరి మీద అనుమానం అని అడిగారు. మా మరిది మీద అన్నాను. ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోకూడదా అని ఒక మాట అని, నా మొహం చూసి, రాసుకున్నారు.

మరిదిని పిలిపించి పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టి పంపారు. మిరపకాయల కథే చెప్పాడట. అత్తగారు కూడా అదే చెప్పింది. పోలింగు దాకా అతణ్ణి రోజూ స్టేషనుకు వచ్చి కనపడి పొమ్మన్నారు. ఆ జీపు మళ్లీ మా వాకిట్లో ఆగలేదు. ఎన్నికల తరువాత అందరి తుపాకీలూ ఇళ్లకు చేరాయి, నాది మాత్రం విచారణ పేరుతో అక్కడే ఉండిపోయింది. తరువాతి వేరుశనగను పందులు సగానికి సగం తిన్నాయి. అత్తగారు ఉత్తరపు వాటాకు మంచం మార్చుకుంది.

పోలింగు నాడు మా ఊళ్లో ఏమీ జరగలేదు. చూశావా, ఏమీ జరగలేదు, ఊరికే కన్నకొడుకు లాంటివాణ్ణి రచ్చకెక్కించావు అని బంధువులు ఇప్పటికీ అంటారు. జరగకపోవడానికి కారణం నా మాటేనని నేను నిరూపించలేను. కాదని వాళ్లూ నిరూపించలేరు. అయితే ఆ ఒక్క తూటా తిరిగి వచ్చేదాకా ఎవరి దగ్గరుంది, వాళ్లు దాన్ని ఎందుకు అడిగారు, నేను రాసి ఇస్తాననగానే ఎందుకు తిరిగి ఇచ్చేశారు? ఈ మాటలు మరిది ఎదుట ఎప్పుడు ఎత్తినా అతను లేచి వెళ్లిపోతాడు. అతను లేచినప్పుడల్లా స్టేషనులో నేను చెప్పిన ప్రతి మాటా సరైనదేనని నాకు మళ్లీ రూఢి అవుతుంది.