చేపముక్క చూపించి పిలిచాను

సిరోంచ నుంచి అల్లపల్లి వెళ్లే బస్సులో, వెనక సీటు మీద ముగ్గురం: నేను, మూత కట్టిన బుట్టలో జ్వరంతో ఉన్న నా పిల్లి, పక్కన పేరు తెలియని ఒక పెద్దామె. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. పిల్లి ఆగకుండా అరుస్తోంది.

ఆమె తన తువ్వాల తీసి బుట్ట మీద కప్పింది. అరుపు తగ్గింది.

"ఎట్ల పట్టినవ్ బిడ్డా?"

"చేపముక్క చూపించి పిలిచినమ్మా. రాంగనే బుట్టల పెట్టి మూసిన."

"బువ్వకు పిలిచి బంధించినవా! దొంగ గూడ గంత పని చెయ్యడు. బుట్టను ముందుగాల్నే ఇంట్ల పెట్టాలె, అదే పోయి అండ్ల పండాలె. ఇగ నీ పిలుపు నమ్ముతదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

సూదిమందుతో పిల్లి కోలుకుంది. బుట్టను ఇప్పుడు మూత తీసి ఇంట్లోనే ఉంచుతున్నాను. రోజూ చేప పెట్టి పిలుస్తాను. నేను గది దాటాకే వచ్చి తింటుంది. ఇప్పటికి నలభై ఒక్కసార్లు పిలిచాను. పిలుపుకు వచ్చింది సున్నా.